తాడులో ఉన్నది బరువు కాదు

(హైదరాబాదులో ఇంటర్మీడియట్ విద్యార్థులు, తల్లిదండ్రులు, అధ్యాపకులు కలిసిన సభలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి. ఈ పక్కన కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బల్ల మీద నేను పెట్టుకున్న సామాను చిన్నది, అంత దూరం నుంచి కనిపించదు.

మీలో ఎక్కువమంది ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు. గమన నియమాల పాఠం ఈపాటికి అయిపోయి ఉంటుంది. న్యూటన్ నియమాలను నేను మళ్లీ వల్లె వేయను, తిన్నగా లెక్కలోకి వెళ్దాం. నున్నటి బల్ల మీద 3 కిలోల దిమ్మ ఉంది. దానికి తాడు కట్టి, బల్ల అంచున బిగించిన కప్పీ మీదుగా కిందికి వదిలి, ఆ కొసకు 2 కిలోల దిమ్మ వేలాడదీశాం. ఘర్షణ ఎక్కడా లేదు. గురుత్వ త్వరణం హైదరాబాదులో సుమారు 9.78 మీ/సె². లెక్క తేలికగా సాగడానికి 10 అనుకుందాం. పట్టుకున్న చేయి వదిలేశాం. తాడులో తన్యత, అంటే తాడు లాగే బలం, ఎంత?

(సభలోంచి: "20 న్యూటన్లు సార్.")

20 అనేవాళ్లు చేతులెత్తండి. సగం సభ! మొహమాటపడి ఎత్తనివాళ్లను కూడా కలిపితే ముప్పాతిక. నేను పాఠం చెప్పిన ప్రతి తరగతిలోనూ ఈ 20 వినిపించేది. ఇది మొద్దుబుర్రలు చెప్పే జవాబు కాదు. 2 కిలోలు వేలాడుతున్నాయి, వాటి బరువు 20 న్యూటన్లు, ఆ బరువును మోస్తున్నది తాడే, కనుక తాడులో 20. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి.

సరే, 20 అనే ఒప్పుకుందాం. వేలాడే దిమ్మను భూమి కిందికి 20 న్యూటన్లతో లాగుతోంది. తాడు పైకి 20 తో లాగుతోంది. రెండూ చెల్లుకు చెల్లు. నికర బలం సున్నా అయితే నిశ్చలంగా ఉన్న దిమ్మ అలాగే ఉండిపోవాలి. అటు బల్ల మీది 3 కిలోల దిమ్మను అదే తాడు 20 న్యూటన్లతో లాగుతోంది, అడ్డుకునేది ఏదీ లేదు. అది 6.67 మీ/సె² త్వరణంతో కప్పీ వైపు పరుగెత్తాలి. ఒకటి పరుగెడుతుంటే ఇంకొకటి కదలకపోతే మధ్యలో తాడు వదులై వేలాడుతుంది. వదులైన తాడులో తన్యతే ఉండదు. అంటే 20 అనుకుని బయల్దేరితే ఆ 20 తనను తానే కొట్టేసుకుంటుంది.

ఇప్పుడు సక్రమంగా చేద్దాం. బల్ల మీది దిమ్మను ఒక్కదాన్నే చూడండి. అడ్డంగా దాన్ని లాగేది తాడు ఒక్కటే. కనుక తన్యత అంటే 3 రెట్ల త్వరణం. ఇక వేలాడేదాన్ని ఒక్కదాన్నే చూడండి. 20 లోంచి తన్యతను తీసేస్తే మిగిలేది 2 రెట్ల త్వరణం. తాడు సాగదు కనుక రెండింటి త్వరణం ఒకటే. రెండు సమీకరణాలూ కలిపితే 20 అంటే 5 రెట్ల త్వరణం. త్వరణం 4 మీ/సె², తన్యత 12 న్యూటన్లు.

మరి ఆ 8 న్యూటన్లు ఏమయ్యాయి? ఎక్కడికీ పోలేదు. వేలాడే దిమ్మకు కూడా ద్రవ్యరాశి ఉంది, అది కూడా వేగం పుంజుకోవాలి. 2 కిలోలకు 4 త్వరణం కావాలంటే 8 న్యూటన్లు దానికే ఖర్చు. నగరంలో ఉద్యోగం చేసే కుర్రవాడికి 20 వేల జీతం వస్తే ఊళ్లో అమ్మానాన్నలకు 20 వేలూ పంపలేడు. తన తిండికీ అద్దెకూ 8 పోగా 12 పంపిస్తాడు. తాడు మోసుకెళ్లేది ఆ 12 ను.

దీన్ని ఇంకోలా తరచి చూద్దాం. ఆ 2 కిలోల దిమ్మను విప్పేసి, తాడు కొసను నేనే పట్టుకుని సరిగ్గా 20 న్యూటన్ల బలంతో లాగుతూ ఉన్నాననుకోండి. ఇప్పుడు తన్యత నిజంగానే 20, త్వరణం 6.67. 20 న్యూటన్ల బరువు వేలాడదీయడమూ, 20 న్యూటన్లతో లాగడమూ ఒకటి కావు. పుస్తకాల్లో ఈ రెండు బొమ్మలూ పక్కపక్కనే ఇచ్చి 'తేడా ఏమిటి' అని అడుగుతారు. అంతకంటే మంచి ప్రశ్న ఈ పాఠంలో లేదని నా అభిప్రాయం.

జవాబు వచ్చాక దాన్ని ఒకసారి అంచులకు తోసి చూడండి. బల్ల మీది దిమ్మ 3 కిలోలు కాక 3,000 కిలోలైతే? త్వరణం దాదాపు సున్నా, వేలాడేది ఇంచుమించు నిలిచిపోతుంది, తన్యత 20 కి చేరువవుతుంది. బల్ల మీద అసలు ఏమీ లేకపోతే? 2 కిలోల దిమ్మ 10 త్వరణంతో స్వేచ్ఛగా పడిపోతుంది, తాడు వదులు, తన్యత సున్నా. ఈ రెండు కొసల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. తన్యత మనం ముందే నింపిపెట్టుకునే అంకె కాదు. తాడు సాగకుండా, రెండు దిమ్మలూ కలిసి నడవడానికి ఎంత కావాలో అంత సర్దుకుంటుంది. అందుకే దాన్ని ఎప్పుడూ తెలియని రాశిగానే రాసుకోవాలి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీని వెంట వచ్చేదే.

(సభలోంచి ఒక తండ్రి: "సార్, రెండూ కలిపి ఒకే వస్తువు అనుకుని 20 ని 5 తో భాగిస్తే సరిపోదా? పరీక్షలో సమయం ఉండదు కదా.")

మంచి మాట అడిగారు. త్వరణం వరకూ సరిపోతుంది, నేనూ అలాగే చేస్తాను. కానీ అలా కలిపేసినప్పుడు తాడు లోపలి వ్యవహారమైపోతుంది, సమీకరణంలో కనిపించదు. తన్యత అడిగితే ఏదో ఒక దిమ్మను విడదీయక తప్పదు. ఇక సమయం సంగతి. మన ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో భౌతికశాస్త్రానివి 40. ప్రశ్నకు నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. అందుకే అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గోడల మీద షార్ట్‌కట్‌ల ప్రకటనలు కనిపిస్తాయి. దిమ్మల తేడాను మొత్తంతో భాగించు, గురుత్వ త్వరణంతో గుణించు అన్న సూత్రం, కప్పీకి రెండు వైపులా రెండు దిమ్మలు వేలాడే ఒకే ఒక బొమ్మకు పనికొస్తుంది. బొమ్మలో ఇంకో కప్పీ చేరిందో, బల్లకు గరుకుదనం వచ్చిందో, ఆ సూత్రం తప్పు జవాబును కూడా అంతే వేగంగా ఇస్తుంది. రెండు చిన్న బొమ్మలు గీయడానికి 20 సెకన్లు చాలు.

ఆ బొమ్మ, స్వేచ్ఛా వస్తు పటం, గీసేటప్పుడు ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ దిమ్మను ఎవరు తాకుతున్నారు? తాకుతున్న ప్రతిదానికీ ఒక బాణం, భూమికి ఒక బాణం, అంతే. పక్క దిమ్మ దీన్ని తాకడం లేదు, కనుక దాని బరువుకు ఇక్కడ చోటు లేదు. చాలామంది త్వరణం దిశలో 'ద్రవ్యరాశి ఇంటూ త్వరణం' అని ఇంకో బాణం గీస్తారు. అది బలం కాదు, బలాలన్నీ కలిపితే తేలే ఫలితం. దాని చోటు సమీకరణంలో రెండో పక్కన, బొమ్మలో కాదు.

గరుకుదనం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. అదే 3 కిలోల దిమ్మ, ఘర్షణ గుణకం 0.5, అంటే దిమ్మ బరువులో సగం దాకా ఘర్షణ అడ్డుకోగలదు, వేలాడేది 1 కిలో. గరిష్ఠ ఘర్షణ 15, లాగేది 10. 10 లోంచి 15 తీసి 4 తో భాగించి, త్వరణం మైనస్ 1.25 అని రాసి, దాని కింద రెండు గీతలు కూడా కొట్టిన పేపర్లు దిద్దాను. ఆ జవాబుకు అర్థం ఏమిటి? బల్ల మీది దిమ్మ తనంతట తాను వెనక్కి నడుస్తూ, వేలాడేదాన్ని పైకి లాక్కుంటోందని! (నవ్వులు) ఘర్షణ అడ్డుకోగలదు, ఎదురు తిరిగి లాక్కెళ్లలేదు. ఇక్కడ ఏదీ కదలదు. ఘర్షణ 10, తన్యత 10. చూశారా, తన్యత బరువుకు సమానమైంది, అది కూడా కదలిక లేదు కనుకనే. ముందు కదులుతుందా లేదా తేల్చుకోండి, ఆ తరవాతే త్వరణం.

ఇప్పుడు ఈ స్టాండు చూడండి. పైన కొక్కేనికి స్ప్రింగ్ త్రాసు, త్రాసుకు కప్పీ, కప్పీ మీదుగా దారం. దారానికి ఒకవైపు 300 గ్రాములు, ఇంకోవైపు 200 గ్రాములు. కప్పీ బరువు అడ్డు రాకుండా ముల్లును ముందే సున్నాకు సర్దిపెట్టాను. ఒకరు వచ్చి సాయం చేయాలి. రామ్మా, నువ్వు రా. 300 గ్రాముల దిమ్మ కింద వేలు పెట్టి, పడిపోకుండా ఆపు. త్రాసు ఎంత చూపిస్తుంది? ముందే చెప్పాలి, చూసి చెప్పకూడదు.

(సభలోంచి: "500.")

ముల్లు ఎక్కడుందో చదవమ్మా.

(విద్యార్థిని: "400 సార్.")

400! ఎందుకో ఆలోచించండి. 200 గ్రాముల దిమ్మ కదలకుండా ఉంది, కనుక దారంలో 200 గ్రాముల బరువంత తన్యత. కప్పీని ఆ దారం రెండు పోగులుగా కిందికి లాగుతోంది. రెండు 200 లు 400. మిగతా 100 ఈ అమ్మాయి వేలి మీద ఉంది. ఇప్పుడు వేలు తీసి, అటువైపు 200 గ్రాముల దిమ్మను పైకి పోనివ్వకుండా కిందికి లాగి పట్టుకో. ఎంత?

(విద్యార్థిని: "600.")

అవే దిమ్మలు, అదే దారం. ఇంతకుముందు 400, ఇప్పుడు 600. ఈసారి 300 గ్రాములది కదలకుండా వేలాడుతోంది, కనుక దారంలో 300, రెండు పోగులకు 600. పైన ఎక్కువైన 100 అమ్మాయి కిందికి లాగుతున్న బలం. మీరు చెప్పిన 500 కావాలంటే ఏం చేయాలో తెలుసా? ఇదిగో, కప్పీ తిరగకుండా చీల దూర్చి, దారం జారకుండా క్లిప్పు పెడుతున్నాను. చేయి తీసెయ్యమ్మా. ఇప్పుడు 500. కప్పీ తిరగనప్పుడు దారంలో ఒకవైపు 300, ఇంకోవైపు 200 ఉండవచ్చు, ఎవరి బరువు వాళ్లది. మీరు 500 అన్నప్పుడు మీ మనసులో ఉన్నది ఈ బిగుసుకుపోయిన కప్పీ.

ఇక చీల, క్లిప్పు తీసి వదిలేస్తాను. మీటరు దూరం పడడానికి సెకనున్నర కంటే ఎక్కువ పట్టదు, కంటితో చదవలేం. ఎవరైనా ఫోనులో నెమ్మది వీడియో తీయండి. ముల్లు ఊగుతుంది, ఆ ఊగిసలాటకు నడిమి చోటు చూడాలి. వదులుతున్నాను.

(వీడియో చూసిన విద్యార్థి: "490 దగ్గర సార్.")

లెక్క ఏమంటుందో చూద్దాం. 300 గ్రాముల వైపు, 3 లోంచి తన్యత తీస్తే 0.3 రెట్ల త్వరణం. అటువైపు, తన్యతలోంచి 2 తీస్తే 0.2 రెట్ల త్వరణం. కలిపితే త్వరణం 2 మీ/సె², తన్యత 2.4 న్యూటన్లు. రెండు పోగులు 4.8 న్యూటన్లు, త్రాసు లెక్కలో 480 గ్రాములు. మనకు 490 ఎందుకు వచ్చింది? కప్పీ ఇరుసు దగ్గర కొంత ఘర్షణ ఉంది, పైగా కప్పీ చక్రాన్ని తిప్పడానికి కూడా కొంత ఖర్చవుతుంది. త్వరణం 2 కంటే తగ్గింది. త్వరణం తగ్గేకొద్దీ ముల్లు 500 వైపు జరుగుతుంది, పూర్తిగా ఆగితే 500 అని ఇందాకే చూశాం. చక్రాన్ని నిండు పళ్లెంలాంటిదనుకుంటే, దాని ద్రవ్యరాశిలో సగాన్ని దిమ్మల మొత్తానికి కలుపుకుంటే చాలు.

లెక్కలో 500 కు 480 అయి, ఆ 20 గ్రాములు ఎందుకు తగ్గాయన్నది అసలైన సంగతి. భూమి రెండు దిమ్మలనూ కలిపి 5 న్యూటన్లతో లాగుతూనే ఉంది, అందులో లోటేమీ లేదు. కానీ బరువైనది కిందికి, తేలికది పైకి పోతుంటే మొత్తం మీద కిందికి పోయేదే ఎక్కువ. రెండింటి ద్రవ్యరాశి కేంద్రం, అంటే రెండింటి ద్రవ్యరాశీ ఒక్కచోట కూడినట్టు అనుకునే బిందువు, 0.4 మీ/సె² త్వరణంతో కిందికి దిగుతోంది. అర కిలోకు 0.4 త్వరణం అంటే 0.2 న్యూటన్లు. త్రాసు చూపించని 20 గ్రాములు అవే.

ఈ అమరికను అట్‌వుడ్ యంత్రం అంటారు. జార్జ్ అట్‌వుడ్ కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పేవాడు. 1784 లో వచ్చిన తన గ్రంథంలో దీన్ని వివరించాడు. ఆయన అవసరం ఏమిటో ఊహించండి. మీటరు ఎత్తు నుంచి రాయి వదిలితే అర సెకను కూడా పట్టదు. ఆనాటి గడియారంతో అంత తక్కువ కాలాన్ని ఎలా కొలుస్తారు? పడడాన్ని నెమ్మది చేయాలి. ఒకవైపు 255, ఇంకోవైపు 245 గ్రాములు పెడితే త్వరణం 0.2 కు దిగుతుంది, అదే మీటరుకు మూడు సెకన్లు దాటుతుంది. తేడా చిన్నది కనుక లాగేది తక్కువ, మొత్తం పెద్దది కనుక లాక్కోవాల్సింది ఎక్కువ. ఎంత నెమ్మదించిందో మనకు లెక్క తెలుసు, కనుక వెనక్కి కట్టుకుంటే గురుత్వ త్వరణం దొరుకుతుంది. ఘర్షణ బాధ ఆయనకూ ఉంది. అందుకే కప్పీ ఇరుసును చిన్న చక్రాల మీద ఆనించాడు.

మీలో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఈ యంత్రంలోనే ఎక్కి దిగుతున్నారు. లిఫ్టులో '6 మంది, 408 కిలోలు' అని రాసి ఉంటుంది, మనిషికి 68 చొప్పున. తాళ్లతో నడిచే లిఫ్టుకు అవతలి కొసన ఎదురు బరువు ఉంటుంది, గోడ పక్కన పట్టాల మీద జారుతూ. ఖాళీ పెట్టె బరువుకు, మోయగలిగిన బరువులో ఇంచుమించు సగం కలిపి దాన్ని పెడతారు. పెట్టె 600 కిలోలనుకుంటే ఎదురు బరువు 804. నిండా ఎక్కితే ఇటు 1,008, తేడా 204. ఖాళీగా ఉంటే ఇటు 600, తేడా మళ్లీ 204, కాకపోతే అటువైపు. మోటారు ఎప్పుడూ ఆ తేడాతోనే తంటాలు పడుతుంది, మొత్తం బరువుతో కాదు. కరెంటు పోయి లిఫ్టు మధ్యలో ఆగినప్పుడు మెకానిక్ వచ్చి బ్రేకు కొద్దిగా వదులు చేస్తాడు. లోపల ఒక్కరే ఉంటే పెట్టె ఎటు కదులుతుంది? పైకి! ఒంటరిగా ఇరుక్కున్నవాళ్లు కింద పడిపోతామని వణుకుతుంటారు, అసలు బరువు అవతల ఉంది.

రైలు పెట్టెల సంగతి నిమిషంలో చెప్పేస్తాను. మౌలాలి వైపు గూడ్సు బండి బయల్దేరుతుంటే ఇంజను పక్కన ఉన్న లింకు వెనకాల పెట్టెలన్నిటినీ లాగాలి, చిట్టచివరి లింకు ఒక్క పెట్టెనే లాగాలి. తన్యత ముందునుంచి వెనక్కి మెట్లు మెట్లుగా తగ్గుతుంది. మన లెక్కల్లో దారం పొడవునా తన్యత ఒకటే అని రాస్తున్నామంటే దారానికి ద్రవ్యరాశి లేదనుకున్నాం కనుక. దారం బరువైనదైతే అది కూడా ఒక రైలే.

ఇక కదిలే కప్పీ. ఖైరతాబాద్ వినాయకుణ్ణి హుస్సేన్‌సాగర్‌లో దించే క్రేను కొక్కేన్ని ఈసారి దగ్గరగా చూడండి. కొక్కెం పైన చక్రాలుంటాయి, వాటి గుండా ఒకే తీగ పైకీ కిందికీ చాలాసార్లు తిరిగి ఉంటుంది. పోగులు ఎన్నుంటే బరువు అన్ని వాటాలవుతుంది. వాటితోపాటు ఇంకోటి కూడా మారుతుంది, పిల్లలు తప్పేది అక్కడే. దూరం.

దారం ఒక కొస పైకప్పుకు కట్టి, కదిలే కప్పీ కిందుగా తిప్పి, పైన ఉన్న స్థిర కప్పీ మీదుగా ఇటు దింపాం. కదిలే కప్పీకి 3 కిలోలు, ఇటు కొసకు కూడా 3 కిలోలు. సమానమే కదా, నిలబడతాయా? దారం పొడవు మారదు. కదిలే కప్పీ 1 సెంటీమీటరు పైకి లేవాలంటే దాని రెండు పక్కల పోగులూ ఒక్కో సెంటీమీటరు తగ్గాలి, ఆ 2 సెంటీమీటర్లూ ఇటు దిగాలి. దూరాలు రెండింతలైతే వేగాలూ, త్వరణాలూ రెండింతలే. బలాల జోలికి పోకముందే ఈ మాట రాసుకోండి. అప్పుడు ఇటువైపు 30 లోంచి తన్యత తీస్తే 3 రెట్ల రెండింతల త్వరణం. అటువైపు రెండు తన్యతల్లోంచి 30 తీస్తే 3 రెట్ల త్వరణం. అటు దిమ్మ 2 మీ/సె² తో పైకి, ఇటు దిమ్మ 4 తో కిందికి, తన్యత 18. సరిచూసుకోండి: రెండు 18 లు 36, అందులో 30 పోతే 6, అది 3 కిలోలకు 2. సరిపోయింది.

చివరగా అందరూ భయపడే బొమ్మ, కప్పీకి కప్పీ వేలాడేది. పైన స్థిర కప్పీ. దాని మీది దారానికి ఒకవైపు ఒక దిమ్మ, ఇంకోవైపు చిన్న కప్పీ. ఆ చిన్న కప్పీకి 3 కిలోలు, 2 కిలోలు. ఇటువైపు ఎంత పెడితే చిన్న కప్పీ కదలకుండా నిలుస్తుంది? 5 కిలోలు అనడానికి ఇప్పుడు ఎవరూ సాహసించడం లేదు, సంతోషం. (నవ్వులు) ఇందాక త్రాసు ఉన్న చోటనే ఇప్పుడు ఈ దారం ఉంది. లెక్క ప్రకారం త్రాసు 500 కు 480 చూపించాలి. అంటే ఇటు 4.8 కిలోలు పెడితే చాలు. కింద ఒక దిమ్మ దిగుతూ, ఇంకొకటి లేస్తూ ఉన్నా చిన్న కప్పీ కదలదు.

మరి నిజంగా 5 కిలోలే పెడితే? అది కిందికి దిగుతుంది, చిన్న కప్పీ పైకి లేస్తుంది. ఇప్పుడు 3 కిలోల త్వరణం, 2 కిలోల త్వరణం సమానం కావు. రెండింటినీ గుర్తులతో సహా కూడి సగం చేస్తే వచ్చేది చిన్న కప్పీ త్వరణం. ఆ ఒక్క ముక్కా రాసుకుని, మూడు దిమ్మలకూ మూడు బొమ్మలు వేరువేరుగా గీయండి. గురుత్వ త్వరణం ఈసారి 9.8 తీసుకోండి, అంకెలు చక్కగా కుదురుతాయి. 5 కిలోలది 0.2 మీ/సె² తో కిందికి, 3 కిలోలది 1.8 తో కిందికి, 2 కిలోలది 2.2 తో పైకి. పై దారంలో 48 న్యూటన్లు, కింది దారంలో 24. జవాబులు నేనే చెప్పేశాను కనుక మీ పని దారి వేయడమే. ఈ సామాను ఇంకో అరగంట ఇక్కడే ఉంటుంది. బొమ్మలు గీసినవాళ్లు కాగితాలు పట్టుకుని రండి.